ఖాళీగా విడిచిన గడి



కిందటి ఏడు శ్రావణమాసములో ఒక మంగళవారమునాడు, ఉదయము పదకొండు గంటల వేళ, ఉప్పల్‌కును నాచారమునకును నడుమనున్న ఒక పాఠశాలలో మా అమ్మాయికి ఉన్నట్టుండి జ్వరము వచ్చినది. అప్పుడామె ఒకటవ తరగతి. నేను పనిచేయు కర్మాగారము ఆ పాఠశాలకు కిలోమీటరున్నర దూరములో ఉన్నది. నా భార్య ఉద్యోగము చేయు కార్యాలయము అమీర్‌పేటలో, అనగా ఉప్పల్ స్టేషనులో మెట్రో ఎక్కినవారికి పన్నెండవ స్టేషనులో ఉన్నది. పాఠశాలవారు ఫోను చేసినది ఆమెకు. ఆ సమయమున ఆమె పై అధికారుల యెదుట కూర్చుండి లెక్కలు అప్పగించుచుండుటచేత, ఫోను సంచిలోనే చప్పుడు లేక వెలిగి, చప్పుడు లేకయే ఆరిపోయినది. నలుబది నిమిషములు గడచిన పిమ్మట చూచుకొని, గొంతు వణకుచుండగా నాకు చెప్పినది. నేను బండి తీసి ఏడు నిమిషములలో పాఠశాల వాకిట నిలిచితిని. ఆ నలుబది నిమిషములును మా బిడ్డ ఆఫీసు గదిలోని బల్లపై, పుస్తకాల సంచి తలక్రింద పెట్టుకొని, గోడవైపు తిరిగి పడుకొని యున్నది.

"నాకు చెయ్యకపోయిన్రా మేడం, ఇక్కడ్నే ఉన్న గదా" అని నేనడిగితిని. ఆ గుమాస్తా అమ్మాయి నొచ్చుకొనక, దస్త్రము తెరచి, ప్రవేశపు దరఖాస్తును నా ముందు పెట్టి, "పిల్లల సంగతైతే మదర్‌కే చేస్తం సార్. మీ నంబరు ఇందుల లేనే లేదు" అన్నది. చూచితిని. మొదటి గడిలో తల్లి పేరు, తల్లి ఫోను నంబరు స్పష్టముగా ఉన్నవి. రెండవ గడిలో తండ్రి పేరు ఉన్నది. దాని ప్రక్కన నంబరు వ్రాయవలసిన చోటు ఖాళీగా ఉన్నది. ఆ దరఖాస్తు నింపినది నేనే. ఆ చేతివ్రాత నాదే. నేడు మీతో ముచ్చటింపదలచినది ఆ ఖాళీ గడిని గురించి.

నేను నాచారము పారిశ్రామికవాడలో, పదునెనిమిదిమంది పనిచేయు ఒక చిన్న షెడ్డులో, స్టోర్సు లెక్కలు వ్రాయుదును. మా ఇల్లు ఉప్పల్ ప్రాంతపు చిలుకానగర్‌లో. ఉప్పల్ కలాన్ 2007 వరకు ప్రత్యేక పురపాలక సంఘముగా ఉండి, ఆ ఏట గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. నగరమునకు తూర్పున పనులు లేవనుకొనరాదు. హబ్సిగూడ దారిలో 1961లో నెలకొల్పబడిన భూభౌతిక పరిశోధన సంస్థ, దాని దాపున కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా, రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రము, ఇటు నాచారము మల్లాపురములలో మందులు, ప్లాస్టిక్కు సామగ్రి, యంత్రభాగములు తయారుచేయు షెడ్లు వరుసలుగా ఉన్నవి. అయినను గత పాతికేండ్లలో జీతము ఎక్కువగా దొరకు కొలువులు పడమటి వైపునకు తరలిపోవుటచేత, భార్యాభర్తలలో ఒకరు ఇంటికి కూతవేటు దూరమునను, ఇంకొకరు నగరపు ఆవలి కొసనను పనిచేయు సంసారములు మా గల్లీలోనే అయిదారు ఉన్నవి.

2017 నవంబరు 29న మెట్రో రైలు ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన దినము మా ఇంట పండుగవలె గడచినది. అంతకు ముందు బస్సులో ఉప్పల్ నుండి అమీర్‌పేట చేరుటకు నా భార్యకు గంటన్నరకు తక్కువ పట్టెడిది కాదు. 2023 జూన్‌లో ఉప్పల్ చౌరస్తాలో ఆకాశవంతెన తెరచిన తరువాత, వరంగల్లు బస్సులు, యాదగిరిగుట్ట బస్సులు, సికింద్రాబాదు బస్సులు, షేర్ ఆటోలు ఒక్కచోట ముడివడు ఆ కూడలిలో, పిల్లల చేయి పట్టుకొని రోడ్డు దాటవలసిన భయము తీరినది. అదే 2023 డిసెంబరులో ఆడవారికి బస్సు ప్రయాణము ఉచితమైనది. మా అమ్మాయి నాతో బస్సెక్కినప్పుడెల్ల కండక్టరు ఇచ్చిన జీరో టికెట్టును నలగనీయక మడిచి, రంగు పెన్సిళ్ల డబ్బాలో దాచుకొనును. అవి ఇప్పటికి ముప్పదికి పైగా చేరినవి. రోడ్డు, రైలు, బస్సు, ఇవన్నియు తల్లిదండ్రుల కాలమును మిగిల్చినవే. మిగిలిన ఆ కాలము బిడ్డ దగ్గరకు ఎట్లు చేరవలెనన్నది మాత్రము ఇంటింటను ఎవరికి వారు విప్పుకొనవలసిన ముడిగనే ఉన్నది.

జ్వరము వచ్చిన ఆ వారమే ఇంటిలో ఒక ఒప్పందము చేసికొంటిమి. నల్లా రోజు విడిచి రోజు వచ్చును. నీళ్లు పట్టుట, అమ్మాయిని లేపుట, స్నానము, జడ, బడి వరకు దిగబెట్టుట నావి. వంట ఇద్దరిది. నా భార్య ఏడున్నరకే ఇల్లు కదలవలెను గనుక, ఆ తరువాతి గంటయంతయు తండ్రీకూతుళ్లది. ఈ పనులలో నాకు జడవలె కష్టమైనది ఇంకొకటి లేదు. మొదటి దినములలో నేను అల్లిన రెండు జడలును మధ్యాహ్న భోజనమునకే వదులైపోయి, రిబ్బను చేతిలో పట్టుకొని అమ్మాయి ఇంటికి వచ్చెడిది. "నాన్నా, అమ్మ గట్టిగ గుంజుతది. నువ్వు భయపడుతవ్" అని ఒకనాడు తానే కారణము చెప్పినది. నిజమే, నొప్పి పుట్టునేమోనని నా వ్రేళ్లు వెనుకాడెడివి. పిమ్మట నెమ్మదిగా తెలిసినది: కొబ్బరినూనె అరచేత రుద్దుకొని వెండ్రుకలకు పట్టించి, దువ్వెన కొసతో నుదుటినుండి మెడ దాక పాపిట ఒకే గీతగా తీసి, మూడు పాయలను సమముగా విడదీసి, మెడ దగ్గర మొదటి మెలికను చెవికంటుకొనునట్లు బిగించవలెను, ఆ మొదటి మెలిక బిగిసినయెడల చివరి దాక అల్లిక జారదు. అది చేతికి పట్టుబడిన నాడు అమ్మాయి అద్దములో అటునిటు తిరిగి చూచుకొని, ఏమియు అనక, చెప్పులు తొడుగుకొన పోయినది. ఆ మౌనము నాకు కలిగించిన తృప్తిని మాటలలో చెప్పజాలను.

నేను విడిచిన గడి నా ఒక్కని దరఖాస్తులోనే ఉన్నదనుకొంటిని. స్టోర్సు లెక్కలు వ్రాయువాడను గనుక, కర్మాగారములకు సంబంధించిన చట్టములను అప్పుడప్పుడు తిరగవేయవలసి వచ్చుచుండును. అట్లు చూచినప్పుడు అదే గడి అక్కడను కనిపించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఆరేండ్ల లోపు పిల్లలకొరకు కర్మాగారములో శిశుసంరక్షణ గది ఉండవలెనని ఆదేశించినది. ఎంతటి దయగల ఆలోచన! అయితే ఆ గది ఎప్పుడుండవలెననుటకు చట్టము లెక్కించినది అచ్చట పనిచేయు స్త్రీలను మాత్రమే: మొదట 50 మందికి మించి స్త్రీలున్నచోట అన్నది, 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. అనగా మూడు వందలమంది పురుషులు, పదిమంది స్త్రీలు పనిచేయు కర్మాగారములో, ఆ మూడు వందలమందికిని ఇంటి దగ్గర పసిపిల్లలున్నను, ఆ చట్టము దృష్టిలో ఆ బిడ్డలు పనివాని బిడ్డలు కాకపోయిరి. వారు ఎక్కడనో ఉన్న తల్లుల బిడ్డలు. బిడ్డల గదికి స్త్రీల సంఖ్యయే కొలబద్ద అయినప్పుడు, ఆ సంఖ్యను దాటించి ఇంకొక స్త్రీని పనిలోనికి తీసికొనుటకు యజమాని వెనుకాడుటకు కూడ అదియే హేతువు కావచ్చును. మేలు చేయుటకు వ్రాసిన నియమము కీడునకు త్రోవ ఇచ్చుట ఇట్లే.

2017లో ప్రసూతి సదుపాయ చట్టమును సవరించినప్పుడు ఈ లెక్క కొంత మారినది. 1961 నాటి ఆ చట్టములోని పండ్రెండు వారముల సెలవు 26 వారములైన విషయము పలువురికి తెలియును. అంతకన్న పెద్ద మార్పు ఒకటి నలుగురి నోట నానక మరుగుననే ఉండిపోయినది. 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థయు శిశుసంరక్షణ గదిని ఏర్పరుపవలెనని ఆ సవరణ చెప్పినది. ఆ 50 మంది స్త్రీలా పురుషులా అని అడుగలేదు. డెబ్బదేండ్ల దాపున తండ్రి కూడ ఆ లెక్కలోనికి వచ్చినాడు. అయితే అదే సవరణలో, దినమునకు నాలుగు మారులు ఆ గదికి పోయి బిడ్డను చూచివచ్చు హక్కును తల్లికి మాత్రమే వ్రాసిరి. బిడ్డ పుట్టినప్పుడు కేంద్ర ప్రభుత్వోద్యోగియైన తండ్రికి పదునైదు దినముల సెలవు ఉన్నది. నావంటి ప్రైవేటు కొలువువానికి ఇన్ని దినములని ఏ కేంద్ర చట్టమును చెప్పలేదు. మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు దొరికినవి మూడు క్యాజువల్ సెలవులు. నాలుగవ నాడు ప్రొద్దుట స్టోర్సులో కూర్చుండి బోల్టుల పెట్టెలు లెక్కించుచు, ఆ బిడ్డ కండ్లు ఏ రంగులో ఉన్నవో జ్ఞాపకము తెచ్చుకొనుటకు ప్రయత్నించితిని.

జ్వరము సంగతికి వత్తును. ఆ మంగళవారము అమ్మాయిని నాచారములోని ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి తీసికొనిపోతిని. నెలకు 21,000 రూపాయలకు మించని జీతము గలవారికి 1948 నాటి కార్మిక రాజ్యబీమా చట్టముతో మొదలైన సదుపాయమిది. పనివానికే గాక అతని కుటుంబమునకును వైద్యము జరుగును. రక్తపరీక్ష చేసిరి, మందులిచ్చిరి, మూడు దినములు కనిపెట్టి ఉండుమనిరి. నేనే కనిపెట్టి ఉంటిని. ఆ మూడు దినముల జీతము పోయినది. నాకు జబ్బు చేసి వైద్యుడు విశ్రాంతి వ్రాసియిచ్చినచో బీమాసంస్థ కూలిలో 70 శాతము నాకిచ్చును. బిడ్డకు జబ్బు చేసి నేను ప్రక్కన కూర్చున్న దినమునకు ఏమియు లేదు. ఆ చట్టము గొప్పది, దానిమీద ఆధారపడి బ్రతుకుచున్నవారిలో నేనొకడను. అది నా జ్వరమును ఎరుగును. నా బిడ్డ జ్వరమునకు మందును ఎరుగును. ఆ మందును ఆరేసి గంటలకొక మారు చెంచాతో త్రాగింపవలసిన మనిషిని మాత్రము ఎరుగదు.

ఇక ఉదయమును ఎట్లో గట్టెక్కవచ్చును గాని, పిల్లలు గల ఉద్యోగస్థులకు అసలు అగ్నిపరీక్ష సాయంకాలము. బడి నాలుగింటికి విడుచును. నా షెడ్డు ఆరింటికి, నా భార్య ఇల్లు చేరునప్పటికి ఏడు. నాలుగు మొదలు ఆరు వరకు ఉన్న కాలము ఎవరిదియు కాదు. అంగన్‌వాడీలు 1975 నుండి ఉన్నవి గాని, అవి ఆరేండ్ల లోపు పిల్లలకు, అదియు పగటివేళకే. మా ఇంట ఆ రెండు గంటలను మోయుచున్నది పై అంతస్తులోని పెద్దమ్మ. ఆమెకు అరువదియైదేండ్లుండును; భువనగిరి దిక్కు పల్లెనుండి కొడుకు వెంట వచ్చినది. బడి ఆటో దిగిన మా అమ్మాయిని చేయి పట్టుకొని మెట్లెక్కించి, అటుకులో, మక్కజొన్న కంకియో చేతికిచ్చి కూర్చుండబెట్టును. నెలకింతయని ఇవ్వబోయినప్పుడు, "పైసలిస్తే నేను మీ ఇంట్ల పని చేసినట్టైతది బిడ్డా. పిల్ల నా మన్మరాలసొంటిది" అని నా చేతిని వెనుకకు నెట్టినది. ఆ మాట నన్ను కదలించినది. కదలించినను, అది మాకు సుఖము గనుక సరియని ఊరకుండుట న్యాయము కాదని తోచి, ఆమె మందుల దుకాణపు చీటీ నెలనెలా నేనే తీర్చుటకు ఒప్పించితిని.

ఈ యేడు ఫాల్గుణములో పెద్దమ్మ కంటికి పొర తీయించిరి. పదునైదు దినములు మెట్లెక్కి దిగవద్దనిరి. నేను యజమానిని అడిగి, ఉదయము ఆరింటికే పోయి, నాలుగింటికి బయటపడునట్లు ఏర్పాటు చేసికొంటిని; బడికి దిగబెట్టు పని ఆ పక్షము నా భార్య చూచినది. నాలుగు గంటలకు మా గల్లీ ఎట్లుండునో అప్పుడే మొదటిసారి చూచితిని.

ఆటోలనుండి పిల్లలు దిగుదురు. కొందరి మెడలలో నల్లదారమునకు తాళపుచెవి వ్రేలాడుచుండును; చొక్కా లోపలికి జారవిడిచి, గుమ్మము దగ్గర పైకి లాగి, మునివ్రేళ్లపై నిలిచి తాళము తీసెదరు. మా ఎదురింటి అమ్మాయి అయిదవ తరగతి. తల్లి మల్లాపురములో ప్యాకింగు పనికి పోవును, తండ్రి ఆటో నడుపును. ఆ బాలిక సంచి దింపి, ప్రక్కింటినుండి రెండేండ్ల తమ్ముని చంకనెత్తుకొని వచ్చి, గ్యాసు వెలిగించి, ప్రొద్దుటి అన్నము వేడిచేసి, పప్పు కలిపి, ఊదిఊది వానికి ముద్దలు పెట్టును. పిమ్మట వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని గడపమీద లెక్కల పుస్తకము తెరచును. వాడు పెన్సిలు లాగికొనును. ఆమె పుస్తకము మూసి, వానికి వీధిలోని బండ్లను చూపును. ఏడింటికి తల్లి వచ్చువరకు ఆ పుస్తకము మరల తెరువబడగా నేను చూడలేదు. తండ్రి ఖాళీగా విడిచిన గడిని తల్లి నింపుచున్నదని నేను తెలిసికొంటిని గాని, తల్లికి వీలుకాని వేళ ఆ గడిలో పదేండ్ల ఆడపిల్ల కూర్చుండునని తెలిసికొన్నది ఆ గడపను చూచిన పిమ్మటనే.

ఆ పదునైదు దినములలో మిగిలినవన్నియు ఆ అక్కాతమ్ముళ్లు మా ఇంటనే కూర్చుండిరి. వాడు మా అమ్మాయితో ఆడుకొనుచుండగా ఆ బాలిక భిన్నములు ముగించినది. ఆమెకు లెక్కలు రాకపోవుట కాదు, కూర్చుండుటకు గంట దొరకకపోవుట. దొరికిన గంటలో ఎంత చురుకుగా చేసినదో!

నాచారమువంటి చోట దీనికి ఉపాయము లేకపోలేదని నా నమ్మిక. 2017 సవరణలోనే, శిశుసంరక్షణ గదిని ఒక సంస్థ విడిగానైనను, ఇతరులతో కలిసి ఉమ్మడిగానైనను నడుపవచ్చునని చెప్పిరి. మా షెడ్డులో పదునెనిమిదిమందిమి, ప్రక్క షెడ్డులో ఇరువదిమంది, ఎదుట పండ్రెండుగురు. విడివిడిగా మమ్ములను ఏ సంఖ్యయు పట్టదు. గోడకు గోడ ఆనుకొని, ఒకే కాలువలోనికి నీరు వదలుచు, ఒకే టీ బండి దగ్గర నిలుచు ఈ షెడ్లనన్నింటిని కలిపి లెక్కించినచో ఒక్కొక్క వీధికి ఒక గది ఎక్కువ కాదు. పసివారికి పగలు, బడిపిల్లలకు సాయంకాలము ఏడు వరకు అది తెరచియుండవలెను. పెద్దమ్మవంటివారికి అక్కడ జీతమును, కూర్చుండుటకు కుర్చీయు, సెలవును ఉండవలెను. షేర్ ఆటోలకు స్థలమును, రైలుకు స్తంభములను సమకూర్చిన నగరమునకు ఇది పెద్ద పని కాదు. ఈ మాటను మా వీధిలోని ముగ్గురు యజమానులతో చెప్పితిని. ఒకరు విని ఊరకుండిరి. ఒకరు స్థలము ఎవరిదని అడిగిరి. మూడవవారు, వారికి నాలుగేండ్ల మనుమడు ఉన్నాడు, ఇంకొకసారి రమ్మనిరి. మరల పోదును.

గత జూన్‌లో బడి తెరచినప్పుడు కొత్త దరఖాస్తు ఇచ్చిరి. అదే ఆఫీసు గది, అదే బల్ల. మొదటి గడిలో నా నంబరు వ్రాసి, రెండవ గడిలో నా భార్య నంబరు వ్రాసితిని. గుమాస్తా అమ్మాయి చదివి, "మొదలు మీకే చెయ్యాల్నా సార్?" అని అడిగి, ఔనంటే, ఎఱ్ఱ పెన్నుతో ప్రక్కన గీత గీసికొన్నది.

పది దినముల క్రిందట, మధ్యాహ్నము రెండింటికి, సరకు దిగుచుండగా ఫోను మ్రోగినది. బడి నంబరు. చేతిలోని చీటీలు క్రిందపెట్టి బయటకు వచ్చితిని. "భయమేం లేదు సార్, పాప మీతోని మాట్లాడ్తదట" అన్నది పంతులమ్మ. తరువాత చిన్న గొంతు వినిపించినది, మాటలు కొంచెము గాలిపోవుచు:

"నాన్నా, ముందటి పన్ను ఊడింది. పారెయ్యలే, జీరో టికెట్ల సుట్టి పెట్టిన. ఇంటి మీదికి ఇసిరెయ్యాలె గదా?"

ఆ సాయంకాలము పెద్దమ్మ మమ్ములను మేడమీదికి తీసికొనిపోయినది.